క్రీడా థీమ్ హోటల్

క్రీడా థీమ్ హోటల్ అంటే ఒక ఆటను, జట్టును, ఆటగాణ్ని లేదా మైదానాన్ని ఆధారంగా తీసుకుని పేరు, కట్టడం, అలంకరణ, సేవలు తీర్చిదిద్దిన బస. ఇలాంటి హోటళ్లు ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తాయి: స్టేడియం పక్కన, నగరం నడిబొడ్డున. ఉత్తర అమెరికా, ఐరోపా, జపాన్‌లలో ఇవి ఎక్కువ. భారతదేశంలో క్రీడాభిమానం విస్తారంగా ఉన్నా ఈ తరహా బసలు ఇప్పటికీ తక్కువే.

ఈ హోటళ్ల స్వభావాన్ని ఒక లెక్క నిర్ణయిస్తుంది. గదులు ఏడాదిలో 365 రాత్రులూ నిండాలి. పక్క మైదానంలో ఆట ఉండేది మాత్రం కొన్ని రోజులే. మిగిలిన రాత్రులకు అతిథులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు దొరికిన జవాబును బట్టే హోటల్ ఉండే చోటు, గది అద్దె, అలంకరణ తీరు ఖరారవుతాయి.

నిర్వచనం, పదజాలం

తెలుగు వాడుకలో హోటల్ అనగానే ముందు గుర్తొచ్చేది టిఫిను, భోజనం దొరికే చోటు. రాత్రి బసకు లాడ్జి అనే మాట ఉంది. ఈ వ్యాసంలో హోటల్ అంటే గదులు అద్దెకిచ్చే బస.

క్రీడా థీమ్ హోటల్‌ను దాని దగ్గరి రకాల నుంచి వేరుచేసి చూడాలి:

- స్పోర్ట్స్ హాస్టల్: శిక్షణ పొందే క్రీడాకారులు ఉండే వసతి గృహం. ఇందులో బయటివారికి గదులివ్వరు.
- టీమ్ హోటల్: పర్యటనలో ఉన్న జట్టు దిగిన హోటల్. జట్టు వెళ్లిపోగానే అది మళ్లీ మామూలు హోటలే.
- క్లబ్ గెస్ట్ హౌస్: సభ్యులకు, వారి వెంట వచ్చే అతిథులకు మాత్రమే గదులిచ్చే చోటు.
- స్పోర్ట్స్ రిసార్ట్: గోల్ఫ్, స్కీయింగ్, టెన్నిస్ వంటి ఆటలు ఆడటానికే వెళ్లే బస. సాధారణంగా ఊరికి దూరంగా ఉంటుంది.

ఎవరైనా డబ్బు చెల్లించి దిగగలగడం, ఆట గుర్తులు హోటల్‌లో శాశ్వతంగా ఉండటం, ఆ గుర్తుల కోసమే కొందరైనా అక్కడ దిగాలనుకోవడం: ఈ మూడూ కలిస్తేనే అది క్రీడా థీమ్ హోటల్ అవుతుంది.

చరిత్ర

*థీమ్ హోటళ్ల తొలి దశ*

ఒక ఊహాలోకాన్ని బసగా మలిచే పద్ధతి 20వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో స్థిరపడింది. కాలిఫోర్నియాలో ఒక్కో గదిని ఒక్కో తీరున అలంకరించిన మడోన్నా ఇన్ 1958లో మొదలైంది. లాస్ వేగస్‌లో రోమన్ సామ్రాజ్యం రూపంలో సీజర్స్ ప్యాలెస్ 1966లోనూ, సర్కస్ రూపంలో సర్కస్ సర్కస్ 1968లోనూ తెరుచుకున్నాయి. 1971లో లండన్‌లో మొదలైన హార్డ్ రాక్ కేఫ్ సంగీతకారుల గిటార్లను గోడలకెక్కించి, స్మారక వస్తువులే జనాన్ని రప్పించగలవని చూపించింది. జెర్సీలు, బంతులు, ట్రోఫీలు గోడలకెక్కించే క్రీడా హోటళ్లదీ ఇదే దారి.

*స్టేడియంలోకి హోటల్*

1989లో కెనడాలోని టొరంటోలో స్కైడోమ్ స్టేడియం ప్రారంభమైంది. తెరిచి మూయగల కప్పుతో పేరు పొందిన ఈ కట్టడంలో హోటల్ కూడా భాగమే. 1994లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆల్‌స్టార్ స్పోర్ట్స్ రిసార్ట్ వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, టెన్నిస్, సర్ఫింగ్ అనే అయిదు ఆటల పేరుతో దాని భవనాలను విభజించారు. 2000లో టోక్యోలో, 1988 నాటి టోక్యో డోమ్ పక్కన, వాస్తుశిల్పి కెంజో టాంగే రూపకల్పనలో 43 అంతస్తుల టోక్యో డోమ్ హోటల్ వెలిసింది.

*నగర కేంద్రానికి తిరుగు ప్రయాణం*

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో చాలా స్టేడియాలను కార్ల పార్కింగుకు విశాలమైన స్థలం చూసుకుని ఊరి అంచుల్లో కట్టారు. 1992లో బాల్టిమోర్ నగర కేంద్రంలో ప్రారంభమైన క్యామ్డెన్ యార్డ్స్ బేస్‌బాల్ మైదానం ఈ ధోరణిని తిప్పింది. ఆ తర్వాత చాలా నగరాలు మైదానాలను మళ్లీ నడిబొడ్డుకు తెచ్చాయి. మైదానం చుట్టూ దుకాణాలు, భోజనశాలలు, కార్యాలయాలు, హోటళ్లు కలిపి కట్టే పద్ధతీ దీనితోపాటే బలపడింది.

*ఆటగాళ్ల పేరిట*

2015లో ఇంగ్లండ్‌లో రెండు పేరున్న హోటళ్లు మొదలయ్యాయి. మాంచెస్టర్ యునైటెడ్ మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్ ఎదుట ఆ జట్టు మాజీ ఆటగాళ్లు హోటల్ ఫుట్‌బాల్ తెరిచారు. లివర్‌పూల్ నగర కేంద్రంలో, ఆ క్లబ్‌కు 1959 నుంచి 1974 వరకు మేనేజరుగా ఉన్న బిల్ షాంక్లీ జ్ఞాపకంగా షాంక్లీ హోటల్ వచ్చింది. 2016లో పోర్చుగల్ హోటల్ సంస్థ పెస్టానాతో కలిసి క్రిస్టియానో రొనాల్డో తన పుట్టిన ఊరు ఫుంచాల్‌లోనూ, రాజధాని లిస్బన్‌లోనూ సీఆర్7 హోటళ్లు ప్రారంభించాడు. తర్వాత మాడ్రిడ్, న్యూయార్క్, మరాకేష్ నగరాలు ఈ వరుసలో చేరాయి.

రకాలు

*మైదాన హోటల్.* స్టేడియం కట్టడంలోనే, లేదా దాన్ని ఆనుకుని ఉంటుంది. కొన్ని గదుల కిటికీలోంచి ఆట కనిపిస్తుంది. టొరంటో హోటల్, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానం హోటల్, జపాన్‌లోని హొక్కైడోలో 2023లో ప్రారంభమైన ఎస్ కాన్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలోని టవర్ ఎలెవెన్ ఈ కోవలోవి. అక్కడి జట్టుకు ఆడిన యు డార్విష్, షోహే ఒతాని ఇద్దరూ ధరించిన 11వ నంబరే టవర్ ఎలెవెన్ పేరుకు మూలం.

*ట్రాక్ హోటల్.* మోటారు పందేల దారిని ఆనుకుని ఉంటుంది. అబుదాబిలోని యాస్ ద్వీపంలో 2009లో వచ్చిన హోటల్ రెండు భవనాల మధ్యగా ఫార్ములా వన్ ట్రాక్ సాగిపోతుంది.

*స్మారక హోటల్.* ఒక వ్యక్తి లేదా జట్టు చరిత్రకు అంకితమైనది. మైదానం దగ్గరలో లేకపోయినా ఫర్వాలేదు. షాంక్లీ హోటల్ ఇందుకు ఉదాహరణ.

*ఆటగాడి బ్రాండ్ హోటల్.* పేరు ఆటగాడిది, నిర్వహణ హోటల్ సంస్థది. సీఆర్7 హోటళ్లు ఈ రకానివి. ఇవి మైదానాల పక్కన కాకుండా పర్యాటకుల రద్దీ ఉన్న వీధుల్లో ఉంటాయి.

*మైదానం ఎదుటి హోటల్.* ఆటతో సంబంధాన్ని నేరుగా చాటకుండా, రంగుల్లో, పేరులో, కట్టడంలో సూచిస్తుంది. షికాగోలోని హోటల్ జాకరీ ఈ తరహాది.

కట్టడం, అలంకరణ

*గది, కిటికీ*

మైదాన హోటల్‌లో కిటికీకే విలువ. ఒకే అంతస్తులో, ఒకే కొలత ఉన్న రెండు గదుల అద్దె మ్యాచ్ రోజున చాలా తేడాగా ఉండటానికి కారణం ఒకటి మైదానం వైపు, మరొకటి వీధి వైపు చూడటమే. కట్టడంలో రెండు సమస్యలను తీర్చాలి. మొదటిది శబ్దం: ప్రేక్షకుల హోరు, లౌడ్‌స్పీకర్లు, ఆట తర్వాత వీధిలోని సందడి. రెండు పొరల అద్దాలు, వాటి మధ్య ఖాళీ, గాలి చొరబడని చట్రాలు దీనికి వాడతారు. రెండోది వెలుగు: ఫ్లడ్‌లైట్లు ఆరేవరకు గది చీకటిగా ఉండాలంటే వెలుతురు చొరని మందపు కర్టెన్లు కావాలి.

ఆట నియమాలూ కట్టడాన్ని శాసిస్తాయి. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి స్పష్టంగా కనిపించేలా మైదానం మధ్య చివరన ముదురు రంగు నేపథ్యం ఉంచుతారు. క్రికెట్‌లో బౌలర్ చేతి వెనుక సైట్‌స్క్రీన్ ఉండాలి. హోటల్ కిటికీల మెరుపు, గదుల్లోని కదలికలు ఈ చూపుకు అడ్డు రాకూడదు.

*స్మారక వస్తువులు*

హోటల్ గోడ మ్యూజియం అర లాంటిది కాదు. దాని మీద ఎండ పడుతుంది, పక్కనుంచి జనం తిరుగుతారు, వంటగది తేమ తగులుతుంది. సంతకం చేసిన జెర్సీ మీద ముందుగా వెలిసిపోయేది సంతకమే. అందుకే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం, ఆమ్లం లేని అట్ట, జిగురు లేకుండా దారపు కుట్లతో బిగించే పద్ధతి వాడతారు. తోలు బంతి మరీ పొడి గాలిలో పగులుతుంది, మరీ తేమలో బూజు పడుతుంది. విలువైన అసలు వస్తువును భద్రపరిచి, గోడకు నమూనా తగిలించడం కూడా మ్యూజియాల్లో ఉన్న పద్ధతే. అలాంటప్పుడు అది నమూనా అని పక్కన రాసి ఉంచడం అతిథి పట్ల నిజాయితీ.

*పేరు, చిహ్నం*

క్లబ్ చిహ్నం, పేరు, ఆటగాడి రూపం చట్టపరమైన హక్కులున్న ఆస్తులు. వీటిని వాడాలంటే లైసెన్సు ఒప్పందం ఉండాలి. పచ్చిక రంగు, గీతలు, సీటు నంబర్ల తరహా గది నంబర్లు వంటి సాధారణ గుర్తులకు ఆ ఇబ్బంది ఉండదు. హోటల్ ఫుట్‌బాల్ పేరులో ఆట ఉంది గాని క్లబ్ పేరు లేదు.

నిర్వహణ

*ఆట క్యాలెండర్*

ఏ ఆట ఎన్ని రోజులు జరుగుతుందన్నది హోటల్ ఆదాయానికి కీలకం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక జట్టు సాధారణ సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడితే, వాటిలో 81 సొంత మైదానంలో జరుగుతాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టుకు సొంత మ్యాచ్‌లు 19. ఐపీఎల్ లీగ్ దశలో అవి 7. బేస్‌బాల్ మైదానాల చుట్టూ హోటళ్లు దట్టంగా ఉండటం ఈ అంకెల్లోనే అర్థమవుతుంది. టెస్టు క్రికెట్ తీరు వేరు. మ్యాచ్‌లు కొన్నే అయినా, ఒక్కోటి అయిదు రోజులు సాగుతుంది కాబట్టి అతిథి నాలుగైదు రాత్రులు ఉంటాడు.

*ఆట లేని రోజులు*

నగర కేంద్రం అవసరమయ్యేది ఇక్కడే. ఊరి అంచున ఉన్న మైదాన హోటల్ మ్యాచ్ లేని రోజున ఖాళీగా ఉండే ప్రమాదం ఉంది. నడిబొడ్డున ఉన్న హోటల్‌కు వారం మధ్యలో ఆఫీసు పనిమీద వచ్చేవారు, సెలవుల్లో పర్యాటకులు, సభలు, విందులు, పెళ్లిళ్లు తోడవుతాయి. ఆటతో సంబంధం లేని అతిథికి కూడా నచ్చేలా ఉండాలి కాబట్టి నగర కేంద్ర హోటళ్లలో అలంకరణ కొంత అదుపులో ఉంటుంది. జట్టు రంగు గోడంతా కాకుండా ఒక గీతగా, దిండు అంచుగా కనిపిస్తుంది.

*గది అద్దె*

మ్యాచ్ తేదీలు ప్రకటించగానే అద్దెలు మారతాయి. కనీసం రెండు రాత్రులు తీసుకోవాలన్న షరతు, ముందుగానే పూర్తి చెల్లింపు, రద్దుచేసుకుంటే డబ్బు తిరిగి రాకపోవడం మ్యాచ్ రోజుల్లో సాధారణం. 2023 ప్రపంచకప్‌లో అహ్మదాబాద్‌లో భారత్, పాకిస్తాన్ మ్యాచ్ ప్రకటించాక అక్కడి హోటల్ అద్దెలు అనేక రెట్లు పెరిగాయి. కొందరు ఆరోగ్య పరీక్షల పేరుతో ఆసుపత్రుల్లో పడకలకోసం వాకబు చేసినట్లు పత్రికల్లో వార్తలొచ్చాయి. మ్యాచ్ తేదీని ఒక రోజు ముందుకు, అక్టోబరు 14కు జరపడంతో ముందే గదులు తీసుకున్నవారు బుకింగులు మార్చుకోవలసి వచ్చింది.

ముఖ్య ఉదాహరణలు

*టొరంటో: కిటికీలోంచి మైదానం*

స్కైడోమ్‌కు 2005 నుంచి రోజర్స్ సెంటర్ అని పేరు. 553 మీటర్ల సీఎన్ టవర్ దాని పక్కనే ఉంది. నగరపు ప్రధాన రైల్వే స్టేషను యూనియన్ స్టేషన్ నుంచి నడిచి చేరవచ్చు. ఇక్కడి హోటల్‌లో 348 గదులున్నాయి. వాటిలో 70 మైదానం వైపు చూస్తాయి.

ఈ గదులు బేస్‌బాల్ మైదానం మధ్య చివర వెనుక, ఎత్తున ఉంటాయి. మంచం పక్కన కుర్చీ వేసుకుని అద్దంలోంచి చూస్తే దగ్గరగా కనిపించేది అవుట్‌ఫీల్డర్ వీపు. బ్యాటర్ 122 మీటర్లకు పైగా దూరంలో, చిన్న బొమ్మలా ఉంటాడు. అతను బంతిని కొట్టడం ముందు కళ్లకు కనిపించి, ఆ చప్పుడు తర్వాత చేరేంత దూరం అది. బ్యాటర్ వెనుక సీట్లలో కూర్చుని చూడటానికి అలవాటుపడ్డ ప్రేక్షకుడు ఆటను ఇక్కడ ఎదురు దిశలో చూస్తాడు.

ఈ ఏర్పాటుకు మరో పార్శ్వం ఉంది. గదిలోంచి మైదానం కనిపించినట్టే, మైదానంలోంచి గదీ కనిపిస్తుంది. స్టేడియం మొదలైన తొలి ఏళ్లలో కర్టెన్లు వేయని అతిథులు వేల మంది కంటపడిన సంఘటనలు వార్తలకెక్కాయి. వెలుగున్న గదికి కర్టెన్ అవసరం ఎంతో ఈ అనుభవం చూపింది.

*షికాగో: వాస్తుశిల్పి పేరు*

1914లో ప్రారంభమైన రిగ్లీ ఫీల్డ్ ఎదుట, క్లార్క్ వీధికి అవతల 2018లో హోటల్ జాకరీ తెరుచుకుంది. ఆ మైదానాన్ని రూపొందించిన వాస్తుశిల్పి జాకరీ టేలర్ డేవిస్ పేరే దీనికి పెట్టారు. ఆటగాణ్ని కాకుండా మైదానం కట్టినవాణ్ని స్మరించడం ఈ రంగంలో అరుదు.

*మాంచెస్టర్: రెండు ఓల్డ్ ట్రాఫర్డ్‌లు*

ఒకే పేరుతో ఫుట్‌బాల్, క్రికెట్ మైదానాలు ఇక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెంటి దగ్గరా హోటళ్లున్నాయి. 133 గదుల హోటల్ ఫుట్‌బాల్ పైకప్పు మీద జట్టుకు అయిదుగురు చొప్పున ఆడుకునే చిన్న మైదానం ఉంది. అతిథి చూడటంతో ఆగకుండా తానూ ఆడవచ్చు. క్రికెట్ మైదానంలో 2017లో మొదలైన హిల్టన్ గార్డెన్ ఇన్‌లో చాలా గదులు పిచ్ వైపు తెరుచుకుంటాయి. 2019 ప్రపంచకప్‌లో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్ ఈ మైదానంలోనే జరిగింది. జూలై 9న వానతో ఆగిన ఆట మరుసటి రోజు ముగిసింది. ఒక్క రాత్రికే గది తీసుకున్న ప్రేక్షకులకు వాన తెచ్చిపెట్టే చిక్కు ఏమిటో ఆ మ్యాచ్ చూపింది.

*లిస్బన్: మైదానం లేని ఆట*

సీఆర్7 లిస్బన్ హోటల్ పాత నగరం నడిబొడ్డైన బైషా ప్రాంతంలో ఉంది. దగ్గరలో మైదానం లేదు. నదీ తీరపు చౌరస్తా, ట్రామ్ దారులు, పాత దుకాణాల వీధులున్నాయి. అతిథి ఊరు చూడటానికి వచ్చి, ఆటగాడి పేరున్న గదిలో నిద్రపోతాడు. మ్యాచ్ క్యాలెండర్ మీద ఆధారపడని థీమ్ హోటల్‌కు ఇది స్పష్టమైన నమూనా.

కొవిడ్ కాలం

2020లో మైదాన హోటళ్లకు అనుకోని ప్రాముఖ్యం వచ్చింది. ప్రేక్షకులు లేకుండా ఆటలు జరపాలంటే ఆటగాళ్లు బయటి జనంతో కలవకూడదు. మైదానంలోనే హోటళ్లున్న సౌతాంప్టన్, ఓల్డ్ ట్రాఫర్డ్‌లను ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు అందుకే ఎంచుకుంది. జూలై 8న సౌతాంప్టన్‌లో వెస్టిండీస్‌తో మొదలైన టెస్టుతో అంతర్జాతీయ క్రికెట్ మళ్లీ ఊపిరి పోసుకుంది. 2021 జూన్‌లో భారత్, న్యూజిలాండ్ తలపడిన తొలి ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్ సౌతాంప్టన్‌కు రావడానికీ ఆ హోటలే ముఖ్య కారణం. టొరంటోలో బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్ కూడా 2020 శిక్షణ రోజుల్లో తమ స్టేడియం హోటల్‌లోనే గడిపింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత్‌లో మైదానం, బస కలిసిన పాత ఉదాహరణ ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా. 1933లో ఏర్పడిన ఈ క్లబ్ మైదానం బ్రబోర్న్ స్టేడియం 1937లో మొదలైంది. చర్చ్‌గేట్ దగ్గర, నగరం నడిబొడ్డున ఉన్న ఈ ఆవరణలో బస గదులున్నాయి. కాని అవి సభ్యులకు, వారి అతిథులకే కాబట్టి ఇది క్లబ్ గెస్ట్ హౌస్ కోవలోకి వస్తుంది.

హైదరాబాద్‌లో క్రికెట్ ఒకప్పుడు నగర కేంద్రంలోనే ఉండేది. బషీర్‌బాగ్‌లోని ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం, 1955లో తొలి టెస్టుకు వేదికైంది. ఆ మ్యాచ్‌లోనే పాలీ ఉమ్రిగర్ భారత్ తరఫున టెస్టుల్లో మొదటి డబుల్ సెంచరీ చేశాడు. ఆబిడ్స్, నాంపల్లి లాడ్జీల నుంచి నడిచి వెళ్లగల మైదానం అది. 2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు నగరం అంచునున్న ఉప్పల్‌కు మారాయి. ఇప్పుడు నగర కేంద్రంలో దిగిన అభిమానికి, మైదానానికి మధ్య వారధి మెట్రో రైలు: అమీర్‌పేట, సికింద్రాబాద్‌ల మీదుగా వెళ్లే నాగోల్ మార్గంలో స్టేడియం పేరుతోనే ఒక స్టేషను ఉంది. విశాఖపట్నంలో అంతర్జాతీయ మైదానం మధురవాడలో, నగరపు పాత కేంద్రానికి దూరంగా ఉంది. 2024, 2025లలో ఢిల్లీ క్యాపిటల్స్ తమ సొంత మ్యాచ్‌లు కొన్ని ఇక్కడ ఆడింది.

మైదానాలు ఊరి అంచులకు చేరడం, ఐపీఎల్ సొంత మ్యాచ్‌లు తక్కువ కావడం: ఈ రెండింటినీ కలిపి చూస్తే తెలుగు రాష్ట్రాల్లో మైదాన హోటల్ నిలదొక్కుకోవడం ఎందుకు కష్టమో తెలుస్తుంది. స్మారక హోటల్‌కు ఈ అడ్డంకి లేదు. సీకే నాయుడు మొదలు పుల్లెల గోపీచంద్, పీవీ సింధు వరకు తెలుగువారి క్రీడా చరిత్రలో అందుకు తగిన సరుకు ఉంది.

బస చేసేవారికి

- మైదానం కనిపించే గది, మైదానానికి దగ్గరి గది ఒకటి కావు. బుకింగు పత్రంలో మైదానం వైపు గది అని స్పష్టంగా ఉండాలి.
- గది అద్దెలో మ్యాచ్ టికెట్ కలిసి ఉందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి. చాలాచోట్ల అది కలిసి ఉండదు.
- మ్యాచ్ రోజున హోటల్ చుట్టూ రోడ్లు మూస్తారు. సామాను, చిన్నపిల్లలు, పెద్దవారు వెంట ఉంటే ఆట మొదలయ్యే వేళకు చాలా ముందే చేరడం మంచిది.
- నిద్ర ముఖ్యమైనవారు వీధికి ఎదురుగా కాకుండా వెనుక వైపు, లిఫ్టుకు దూరంగా గది అడగాలి.
- వానకు ఆగిపోయే ఆటలకు ఒక రాత్రి అదనంగా ఉంచుకోవడం, లేదా రద్దు వీలున్న గది తీసుకోవడం మేలు.

ప్రాముఖ్యం, విమర్శలు

ఈ హోటళ్ల వల్ల మైదానం చుట్టుపక్కల ప్రాంతం ఆట లేని రోజుల్లోనూ జనంతో ఉంటుందని, స్థానికులకు ఉద్యోగాలు దొరుకుతాయని సమర్థకులు అంటారు. జట్టు చరిత్రను టికెట్ కొనలేనివారికి కూడా ఇవి చేరువ చేస్తాయి. హోటల్ ముందు గదిలోకి వచ్చి గోడలు చూసి వెళ్లడానికి చాలాచోట్ల రుసుము ఉండదు.

విమర్శలూ ఉన్నాయి. స్టేడియాలకు ప్రజాధనం ఖర్చయినప్పుడు పక్కనున్న హోటళ్ల లాభం ప్రైవేటు యజమానులకు చేరడాన్ని నగర ఆర్థిక నిపుణులు ప్రశ్నించారు. మైదానం చుట్టూ అద్దెలు పెరిగి పాత నివాసులు, చిన్న దుకాణదారులు కదిలిపోవలసి వస్తుందన్నది రెండో విమర్శ. మ్యాచ్ రోజు అద్దెలు సామాన్య అభిమానికి అందకుండా పోవడం మూడోది. ఆటను గోడల మీద నిలబెట్టింది ఆ అభిమానే కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోదగ్గ విమర్శ కాదు. ఏడాది పొడవునా గదులు నిండే నగర కేంద్ర హోటల్‌కు ఆ కొద్ది రాత్రుల మీదే ఆదాయమంతా పిండుకోవలసిన అవసరం తక్కువ. గది అద్దెను అందుబాటులో ఉంచే వీలు దానికే ఎక్కువ.

ఇవీ చూడండి

టీమ్ హోటల్, స్పోర్ట్స్ హాస్టల్, క్రీడా పర్యాటకం, క్రీడా మ్యూజియం, లాల్ బహదూర్ స్టేడియం, బ్రబోర్న్ స్టేడియం, రోజర్స్ సెంటర్, ఓల్డ్ ట్రాఫర్డ్